సొట్ట పళ్ళెం

బల్లలు జరుపుతున్నారు. ముందు పెద్దపిల్లల బల్ల, తరవాత నడిపి పిల్లల బల్ల, ఆఖరున కుంటిబల్ల, దాని ఒక కాలికింద మడతపెట్టిన అట్టముక్క దూర్చకపోతే మంచినీళ్ళ గ్లాసులన్నీ ఒక పక్కకి ప్రయాణం కడతాయి, అట్టముక్క సంగతి కొత్తమ్మకి చెప్పిందో లేదో, చెప్పే ఉంటుంది, ఈ పక్షం రోజుల అప్పగింతలో చెప్పనిదేముంది గనక, కొళాయి ఎటు బిగిస్తే కారడం ఆగుతుందో చెప్పింది, రాత్రిళ్ళు ఎవరు పక్క తడుపుతారో, ఎవరు తడిపి పక్కవాడి మీద పెడతారో చెప్పింది, తిడుతూ చెప్పింది, కసురుతూ చెప్పింది, కానీ చెప్పింది. సామాన్ల గదిలో బియ్యం బస్తా మీద కూచుని, చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, మూడో ఇంటి అమ్మ గోడకి చెవి ఒగ్గింది. గోడకి అవతల భోజనాల గది. ఇవతల ఆమె, ఆమె రేకు పెట్టె, బట్టల సబ్బు వాసన, విరిగిన మంచాల కోళ్ళు, అరమీద పంచదార డబ్బా. ఎండకి పైన రేకులు టప్ టప్‌మని విచ్చుకుంటున్నాయి. భోజనాలయ్యేదాకా ఆమె ఈ గదిలోంచి బయటికి రాకూడదు. అయ్యాక ఈ ఇంట్లో ఉండకూడదు.

అమ్మ అంటే ఇక్కడ ఉద్యోగం పేరు. వంటవాడు, డ్రైవరు, వాచ్‌మన్, అమ్మ. ఎక్కడో దూరదేశంలో ఎవరెవరో తలా కాస్త వేసుకుని పంపే డబ్బుతో నడిచే ఈ ఆవరణలో ఆరు ఇళ్ళున్నాయి, ఇంటికొక అమ్మ, అమ్మకొక నీలం కోటు. తల్లి లేని పిల్లలకి తల్లిని జీతానికి కుదిర్చి పెట్టారు, ఆలోచన మంచిదే, వంక పెట్టడానికి లేదు, కాకపోతే జీతానికి కుదిరిన తల్లికి వయసు మీరుతుంది, మీరితే జీతం ఆగుతుంది, జీతం ఆగిననాడు తల్లితనం కూడా కొళాయి కట్టేసినట్టు ఆగిపోవాలి. గేటు దాటాక మళ్ళీ లోపలికి రాకూడదని నియమం. వస్తే పిల్లలు కొత్తమ్మకి అలవాటు పడరట. నిజమే, పడరు. నీలం కోటు పొద్దునే విప్పి ఇచ్చేసింది. జేబులు రెండూ సాగిపోయి వేలాడుతుంటాయి దానికి, పిల్లలందరూ అందులో చేతులు పెట్టుకునే నడవడం నేర్చారు మరి. కొత్తమ్మ దాన్ని తొడుక్కుని, జేబులు చూసుకుని, "ఇవి కుట్టించుకోవాలి" అంది. వద్దు, కుట్టించకు అనబోయి, "నీ ఇష్టం, నీ కోటు" అని విసురుగా అనేసి ఇటు వచ్చి కూచుంది. కోటు లేకపోతే భుజాల దగ్గర చలిగా ఉంది. ఈ ఎండలో చలేమిటి, ముసలితనం కాకపోతే.

ఇంట్లో పన్నెండుమంది. పదకొండుమంది ఈ పక్షం రోజుల్లో కాస్త అటూ ఇటూగా కొత్తమ్మ వైపు జరిగారు, పిల్లలు నీళ్ళలాంటి వాళ్ళు, పల్లమెటుంటే అటే. పన్నెండోది పిడికిలి. మూడేళ్ళుంటాయో నాలుగుంటాయో. వచ్చిననాడు రెండు గుప్పిళ్ళూ బిగించుకుని వచ్చింది, లోపల ఏం దాచిందోనని నర్సు బలవంతాన విప్పి చూస్తే ఏమీ లేదు, ఏమీ లేనిదాన్నే అంత గట్టిగా పట్టుకుంది, ఆ పేరు అలా ఉండిపోయింది. మాట లేదు. చెవుడు కాదు, మూగ కాదు అన్నాడు డాక్టరు, "లోపల ఉంది, వచ్చినప్పుడు వస్తుంది" అన్నాడు బస్సు గురించి చెప్పినట్టు. ఏడ్చినా నోరు తెరుచుకుంటుందే గానీ చప్పుడు రాదు. తిండి మాత్రం ఒక్క ఆమె చేతి ముద్దే, ఇంకెవరు పెట్టినా పెదాలు కుట్టేసినట్టు మూసేస్తుంది. గతవారం సూపరింటెండెంటు ఆఫీసుకి పిలిచాడు. చెడ్డవాడు కాడు, చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా బాగుండేది. "అమ్మగారూ, మీరు వెళ్ళేలోగా ఆ పిల్ల కొత్తావిడ చేత్తో తినాలండీ. తినకపోతే నన్నేం చెయ్యమంటారు? ఒక్క పిల్లకోసం ఇంకో ఆయాని పెట్టే స్తోమతు మనకెక్కడిది? పెద్దషెడ్డుకి పంపెయ్యాలి" అన్నాడు, బల్లమీది కాగితాలు సర్దుతూ, ఆమె మొహం చూడకుండా. పెద్దషెడ్డంటే ఊరవతల సర్కారు వాళ్ళది. అక్కడ అన్నం పెట్టరని కాదు, పెడతారు, వరసలో కూచోబెట్టి పళ్ళెంలో వేస్తారు, తినేవాళ్ళు తింటారు, తినని పళ్ళెం తీసేస్తారు. ఆమె ఒకసారి చూసింది. అక్కడ ఎంత చిన్నపిల్లలూ ఏడవరు, ఏడిస్తే ఎవరైనా వస్తారని తెలియాలిగా ఏడవడానికి. ఇవాళ మధ్యాహ్నం వచ్చి స్వయంగా చూసుకుంటానన్నాడు సూపరింటెండెంటు. ఇప్పుడు గోడ అవతల కుర్చీ ఈడ్చిన చప్పుడు ఆయనదే అయి ఉంటుంది, పిల్లలు పీటలమీద కూచుంటారు, కుర్చీలు ఈడవరు.

"మాకు తిండి పెట్టేవాళ్ళూ, మా తిండి వండేవాళ్ళూ చల్లగా ఉండాలి," పిల్లలు గొంతులు కలిపారు, కలిపారంటే కలిపారని కాదు, నడిపివాడు ఎప్పటిలాగే అందరికంటే ముందే ముగించేసి గరిట వైపు చూస్తూ ఉంటాడు, వాడికి చల్లగా ఉండాల్సినవాళ్ళ మీద కంటే వేడిగా ఉన్న అన్నం మీద భక్తి ఎక్కువ. చల్లగా ఉండాలి. కిందటేడు ఆ చల్లగా ఉన్నవాళ్ళే పెట్టెడు ఉన్ని చేతితొడుగులు పంపారు, ఎర్రవి, పచ్చవి, వేళ్ళకి విడివిడిగా గూళ్ళున్నవి. ఇక్కడ చలికాలమంటే ఫ్యాను ఒక గీత తగ్గించుకోవడం. పిల్లలు వాటిని కాళ్ళకి తొడుక్కున్నారు, చెవులకి తగిలించుకుని గాడిదలాట ఆడారు, మిగిలినవాటితో వంటవాడు వేడిగిన్నెలు దించుకుంటున్నాడు, వాటి అట్టపెట్టె అదిగో ఆ మూల. ఒకసారి వాళ్ళలో ఒకావిడ భర్తతో సహా చూడ్డానికి వచ్చింది, గుమ్మంలో అడుగుపెట్టగానే ఏడుపు మొదలుపెట్టింది, ఎంతకీ ఆపదే, చివరికి పిల్లలే చుట్టూ చేరి వీపు నిమిరి ఓదార్చారు, ఆ భర్త ఫొటో తీశాడు. ఆవిడ ఇచ్చిపోయిన బొచ్చుబొమ్మలు అద్దాల బీరువాలో ఉన్నాయి, తాళం ఆఫీసులో ఉంది, వచ్చినవాళ్ళకి కనబడాలి కదా. వాళ్ళని అనడానికి నోరు రాదు. వాళ్ళ డబ్బే లేకపోతే ఈ పన్నెండు పళ్ళేలూ లేవు. కానీ పళ్ళేనికీ నోటికీ మధ్య జానెడు దూరం ఉంటుంది, ఆ జానెడూ దాటించడానికి ఏ దేశంనుంచి డబ్బు పంపగలరు?

గడగడగడ. అది సొట్ట పళ్ళెం. పిడికిలిది. అడుగున బొడిపె తేలి బల్ల మీద కుదురుగా కూచోదు, తిననంటే ఆ పిల్ల చేత్తో నెట్టేస్తుంది, అది గడగడమని గుండ్రంగా తిరిగి తిరిగి ఆగుతుంది. తింటున్నంతసేపూ చప్పుడుండదు. ఆ చప్పుడు వినబడకూడదనే ఆమె ఇంతసేపూ గోడకి అతుక్కుని ఉంది. ఒకసారి నెట్టేసింది. "తినమ్మా, తినమ్మా బంగారం, ఇటు చూడు, నన్ను చూడు, ఆఁ అను," అవతల కొత్తమ్మ బతిమాలుతోంది, తేనె పోస్తున్నట్టు, అయ్యో పిచ్చిదానా, మొహంలోకి చూడకే, దాని మొహంలోకి చూడకూడదు, ముద్ద చేత్తో పట్టుకుని నువ్వెటో చూస్తూ ఎవరితోనో ఏదో మాట్లాడుతుండాలి, ఆ చెయ్యి నీది కానట్టు ఉండాలి, అప్పుడు మెల్లగా వచ్చి తనే అందుకుంటుంది. ఈ సంగతి కనిపెట్టడానికి ఆమెకి నెలపైన పట్టింది. మొన్న కొత్తమ్మకి చెప్పింది కూడా, చెప్పవలసిన పద్ధతిలో చెప్పలేదు, "అలా గుడ్లప్పగించి చూస్తూ పెడితే పశువు కూడా తినదు, పక్కకి తిరిగి పెట్టడం కూడా రాదా నీకు" అంది, కొత్తమ్మ మొహం కందగడ్డ చేసుకుంది, తిట్టు బుర్రకెక్కిందే గానీ అందులో మాట ఎక్కిందో లేదో. ఇప్పుడు గోడ పగలగొట్టుకుని వెళ్ళి చెప్పాలనుంది. బస్తా గోనెలోకి గోళ్ళు దిగబడిపోయాయి.

తలని అలా ఒక పక్కకి వాల్చి, చెవి భుజానికి ఆనించి తింటుంది పిడికిలి, అచ్చం దాని తల్లిలాగే. దాని తల్లి బొంగరం. ఒకచోట నిలవదని ఆ పేరు ఆమే పెట్టింది, ఇదే ఇంట్లో, ఇదే కుంటిబల్ల మీద, ఇదే సొట్ట పళ్ళెంలో ఆమె చేతి ముద్దలు తిని పెరిగిన పిల్ల, ఆ సొట్ట పడింది కూడా అది ఆ పళ్ళేన్ని నెత్తిన పెట్టుకుని గిరగిరా తిరగబోతేనే. పద్దెనిమిది నిండాక అందర్నీ పంపినట్టే దాన్నీ పంపారు, రేకు పెట్టె, రెండు జతల బట్టలు, అందరూ కలిసి దిగిన ఫొటో, సూపరింటెండెంటుతో కరచాలనం. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. వెళ్ళేనాడు కోటు జేబులోంచి చెయ్యి తియ్యలేదు గేటుదాకా, అంత పిల్ల, నవ్వుతూనే. తరవాత ఒకసారి వచ్చిందట. దూరదేశం వాళ్ళు చూడ్డానికొచ్చిన రోజున వచ్చిందట, లోపల పిల్లలు పాట పాడుతున్నారట, వాచ్‌మన్ "ఇప్పుడు కాదు, సాయంత్రం రా" అన్నాడట. ఆమె ఆ వేళ పిల్లలకి జుట్లు దువ్వి వరసలో నిలబెట్టి, "నవ్వండర్రా, నవ్వండి" అంటోంది. వారం పోయాక వాచ్‌మన్ ఏదో మాటల్లో చెప్పాడు, "మీ బొంగరం వచ్చిందండీ మొన్న, కడుపుతో ఉన్నట్టుంది, సాయంత్రం వస్తానని మళ్ళీ రాలేదు" అని. ఎక్కడని వెతుకుతుంది? సెలవు పెట్టి ఫ్యాక్టరీకి వెళితే మానేసిందన్నారు. కొన్నేళ్ళకి బొంగరం పక్కింటావిడ, దగ్గుతో పోయిన మనిషి పిల్లని ఎత్తుకుని గేటు దగ్గరికి వచ్చింది, "దీనమ్మ పోయేముందు ఈ చోటే చెప్పిందండీ, ఇక్కడ అన్నం పెడతారు, మా అమ్మ ఉందక్కడ అంది" అంటూ. ఇదీ తన పెంపకం ఫలం. పెంచి బయటికి పంపిన పిల్ల, తిరిగి రాలేక తన పిల్లని పంపింది, అదే గేటు, అదే ఇల్లు, అదే పళ్ళెం. ఈ పక్షం రోజులుగా ఆమెకి నిద్ర పట్టకపోవడానికి ముసలితనం ఒక్కటే కారణం కాదు.

గడగడగడ. రెండోసారి. "ఎన్నాళ్ళనుంచి ఇలా?" సూపరింటెండెంటు గొంతు. "నిన్న సాయంత్రంనుంచి పాలు తప్ప ఏమీ ముట్టలేదండీ," కొత్తమ్మ గొంతులో తేనె పోయి నీళ్ళొచ్చాయి. "ఆవిడ అలా చేశాక ఇంకెవర్ని నమ్ముతుంది చెప్పండి చిన్నపిల్ల." ఆవిడ అంటే ఆమే. ఆవిడ ఏం చేసిందో ఇంటిల్లిపాదీ చూశారు. నిన్న సాయంత్రం పిడికిలి ఎప్పటిలాగే వచ్చి జేబులో చెయ్యి పెట్టింది. ఆమె ఆ గుప్పిటని పట్టుకుని ఒక్కొక్క వేలే విప్పదీసి, బయటికి లాగి, చెంప మీద కొట్టింది. మెల్లగా కాదు, మెల్లగా కొడితే పిల్లలు ఆటనుకుంటారు. కొట్టి, రెక్క పట్టుకుని గుమ్మం బయట పెట్టి తలుపు వేసేసింది. తలుపు సందులోంచి చూస్తే ఆ నోరు తెరుచుకునే ఉంది, చప్పుడు లేకుండా. కొత్తమ్మ పరిగెత్తుకుని వచ్చి పిల్లని ఎత్తుకుంది, పిడికిలి మొదటిసారి ఆమెని కాక ఇంకో మనిషి మెడని వాటేసుకుంది. "మీకు అసలు చేతులెలా వచ్చాయండీ? ఇన్నేళ్ళుగా ఇలాగేనా పెంచారు వీళ్ళని?" అంది కొత్తమ్మ తలుపవతలనుంచి. "నా చేతులు, నా ఇష్టం," అంది ఆమె తలుపివతలనుంచి. కుడిచెయ్యి ఇప్పటికీ మండుతూనే ఉంది. మూడేళ్ళ పిల్ల చెంప తగిలితే మండే చెయ్యి కాదది, ఇరవై ఏళ్ళు బట్టలుతికి కాయలు కాసిన చెయ్యి, అయినా మండుతూనే ఉంది.

ఇలాగేనా పెంచారు. అవే మాటలు. ఆమె ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు పాతమ్మని అడిగిన మాటలే అవి, అక్షరం తేడా లేదు. పాతమ్మ అంటే ఆమెకి ముందు మూడో ఇంటి అమ్మ, ఎండుపుల్ల లాంటి మనిషి, చేతిలో ఎప్పుడూ బరికె ఉండేది, బరికమ్మ అనేవారు పిల్లలు. ఆ అప్పగింత పక్షం రోజులూ పాతమ్మ నోరు విప్పితే తిట్టు, చెయ్యి లేస్తే దెబ్బ, పిల్లలు ఆవిడ నీడ పడితే చాలు వచ్చి కొత్తగా వచ్చిన ఈమె వెనకాల దాక్కునేవారు. ఈమెకి ఎంత గర్వమో. రెండు రోజుల్లో పిల్లలందరూ నా దగ్గరికొచ్చేశారు, నా చేతిలో ఏదో ఉంది, నేను పుట్టిందే దీనికోసం అని అక్కకి ఫోను చేసి మరీ చెప్పుకుంది, ఇరవై ఏళ్ళూ ఆ గర్వం మీదే బతికింది. పాతమ్మ పిల్లల్ని కొట్టినప్పుడల్లా ఈ సామాన్ల గదిలోకి వచ్చి తలుపేసుకుని, కాసేపాగి మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చేది. పంచదార, తేల్చేసింది ఈమె, ముసలిది పిల్లల పంచదార బుక్కుతోంది. మిగతా ఇళ్ళ అమ్మలకి నవ్వుతూ చెప్పింది, వాళ్ళు పిల్లల ముందే నవ్వారు, పంచదార పిల్లి అని కొత్తపేరు పుట్టింది, ఆవిడ పెట్టె మోసుకుంటూ గేటువైపు నడుస్తుంటే పిల్లలు వెనకాల మ్యావ్ మ్యావ్ అన్నారు. ఈమె వాళ్ళని వారించింది, నవ్వాపుకుంటూ వారించింది. ఆవిడ వెనక్కి తిరగలేదు. కొన్నేళ్ళకి వాచ్‌మన్ ఆవిడ పోయిందట అని చెబితే "అలాగా" అని, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వచ్చేసింది.

ఎవరూ చెప్పలేదు ఆమెకి. చెప్పేవాళ్ళెవరూ లేరు కూడా. ఈ అప్పగింత మొదలైన రోజున, నడిపివాడు మెడకి చుట్టుకుని, "నువ్వెళ్ళకు, నువ్వెళితే నేను కొత్తామెని కొరుకుతా" అని ఎంతకీ వదలకపోతే, ఆమె చెయ్యి దానంతటదే లేచింది, నోట్లోంచి "పోరా శనీ" అని పాతమ్మ మాట పాతమ్మ గొంతుతో వచ్చింది. వాడు వదిలేశాడు. వదిలేసి వెళ్ళి కొత్తమ్మ పక్కన నిలబడ్డాడు. ఆమె పరిగెత్తుకుని ఈ గదిలోకి వచ్చి తలుపేసుకుని, ఏడుపు బయటికి వినబడకుండా గుడ్డ నోట్లో కుక్కుకుని తలెత్తితే ఎదురుగా అరమీద పంచదార డబ్బా. అప్పుడు తెలిసింది, పాతమ్మ ఇక్కడికొచ్చి మూతి ఎందుకు తుడుచుకునేదో. అత్త పోయిన ఆర్నెల్లకి కోడలి కంట నీరంటారు, ఈ కోడలికి ఇరవై ఏళ్ళు పట్టింది. పిల్లలు తల్లిని వదలరు, ఆ తల్లే రాక్షసి అయి వదిలించాలి, ఇంటి తాళాలతో పాటు అదీ ఒకరినుంచి ఒకరికి వస్తుంది కాబోలు, చెప్పకుండానే. తన చేతిలో ఏదో ఉందనుకుంది. ఏముంది? ఆ ముసలిది తన మంచితనమంతా తీసి ఇక్కడ పారేసి పోతే ఈమె ఏరుకుని వేసుకుంది. కాళ్ళమీద పడదామన్నా ఆ కాళ్ళిప్పుడు లేవు.

అవతల నిశ్శబ్దం. నిశ్శబ్దమంటే పదకొండు పళ్ళేల చప్పుడు, గ్లాసులు, ముక్కు ఎగబీల్పులు, అయినా ఆమె చెవికి నిశ్శబ్దమే. కొత్తమ్మ బతిమాలడం మానేసింది. విసిగిపోయి ఉంటుంది. సూపరింటెండెంటు ఏదో అన్నాడు, వినబడలేదు, "సరే అయితే" అన్నట్టుంది, సరే అంటే? పంపేద్దామనా? రేపటి పెద్దషెడ్డు వరసలో చివరన, తల పక్కకి వాల్చి, ఎదురుగా ఉన్న పళ్ళేన్ని నెట్టేసి, అక్కడి పళ్ళేలు సొట్టలు లేనివి, నెట్టినా చప్పుడు చెయ్యవు, ఎవరూ తిరిగి చూడరు, వద్దు, ఈ తలుపు తీసుకుని వెళ్ళి, అందరి ముందూ ఆ పిల్లని లాక్కుని, ముద్ద పెట్టి, ఇది నా మనవరాలు, నేను తీసుకుపోతున్నా అనేస్తే? ఎక్కడికి తీసుకుపోతుంది? తను చూసుకున్నది కుట్టుమిషను రిపేరువాడి దుకాణం వెనక గది, అందులో మంచం వేస్తే మనిషి నిలబడలేడు, ఆ అద్దెకే అక్క సాయం చెయ్యాలి. పైగా పిల్లల్ని ఇవ్వరు. జీతానికి అమ్మగా ఉన్నదానికి పిల్ల మీద హక్కేమిటి, వంటవాడికి గిన్నెల మీద ఉన్నంత హక్కు కూడా లేదు. గడియ మీద చెయ్యి వేసింది. తీయలేదు. "ఏమే, నీ జడ ఎవరు వేశారే ఇవాళ?" కొత్తమ్మ గొంతు, మామూలు గొంతు, తేనె లేదు, నీళ్ళు లేవు, ఎవరో పెద్దపిల్లతో మాట్లాడుతోంది. "నేనే వేసుకున్నా." "ఒకటి పైకీ ఒకటి కిందకీ పోతోంది చూడు, ఎడ్లబండికి ఒక ఎద్దు కుంటిదైనట్టు." పిల్లలు నవ్వారు. కొత్తమ్మ మాట్లాడుతూనే ఉంది, జడల గురించి, రిబ్బన్ల గురించి, అటు తిరిగి మాట్లాడుతోంది, గొంతు గోడవైపుకి రావడంలేదు, అటు తిరిగింది. పక్కకి తిరిగి పెట్టడం కూడా రాదా నీకు. తిట్టుతో పాటు మాట కూడా ఎక్కిందన్నమాట. సొట్ట పళ్ళెం మాట్లాడలేదు. రిబ్బన్లయ్యాయి, పేలయ్యాయి, ఎవరికి ఎక్కువ పేలున్నాయో పందెం కూడా అయింది. పళ్ళెం మాట్లాడలేదు. "తింటోంది," అన్నాడు సూపరింటెండెంటు, గుసగుసగా, గుడిసెలోకి పిట్ట వచ్చి వాలితే అన్నట్టు.

తింటోంది. ఆమె బస్తా మీద కూలబడింది. సంతోషం రావాలి కదా, వస్తుందని కాసేపు చూసింది, రాలేదు. గెలిచింది ఏమిటని? ఆ పిల్ల ఈ ఇంట్లోనే ఉంటుంది, కొత్తమ్మ జేబులో చెయ్యి పెట్టుకుని నడుస్తుంది, కొత్తమ్మ మంచిదే, అటు తిరిగి పెట్టడం కూడా వచ్చింది. పద్దెనిమిది నిండుతాయి. రేకు పెట్టె, రెండు జతల బట్టలు, ఫొటో. తరవాత ఏ ఫ్యాక్టరీయో, ఏ దగ్గో, గేటు దగ్గర ఎవరో "సాయంత్రం రా" అంటారు. అప్పటికి ఈ కొత్తమ్మ కూడా ముసలిదై ఈ బస్తా మీదే కూచుని ఉంటుంది. అన్నం తినిపించడమొక్కటే తమ చేతుల్లో ఉంది, తిన్నాక ఆ పిల్ల ఏమవుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు. మరెందుకు ఇదంతా, ఎందుకు ఆ చెంపదెబ్బ? ఏమో. ఇవాళ తిన్నది. ఇవాల్టికి తిన్నది. దీనికంటే పెద్దమాట ఆమెకి దొరకలేదు. కళ్ళు తుడుచుకుంది, గుడ్డ మడిచి పెట్టెలో పెట్టింది, మూతి కూడా తుడుచుకుని గడియ తీసింది.

పిల్లలు వరసలో చేతులు కడుక్కుంటున్నారు. సూపరింటెండెంటు వెళ్ళిపోయాడు. కొత్తమ్మ నీలం కోటులో, చంకన పిడికిలితో, గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఆమెని చూడగానే నడిపివాడు నీళ్ళు చిందించడం మానేసి గోడకి అతుక్కున్నాడు. కొత్తమ్మ చూపు ముందు ఆమె మూతిమీదికి, అక్కణ్ణించి ఆమె వెనక తెరిచి ఉన్న గదిలోకి, అరమీది పంచదార డబ్బా మీదికి వెళ్ళి వచ్చింది. ఆ చూపు ఆమెకి తెలుసు, ఇరవై ఏళ్ళ కిందట తన మొహంలో ఉన్నదే. చెప్పేద్దామనిపించింది. నోటిదాకా వచ్చింది. చెబితే కొత్తమ్మ జాలిపడుతుంది, జాలిపడితే పిల్లలతో "పాపం, మంచిదర్రా" అంటుంది, అన్నాక వాళ్ళు సాయంత్రమంతా గేటు ఊచలు పట్టుకుని నిలబడతారు. "కుంటిబల్ల కింద అట్టముక్క మారుస్తూ ఉండు, తడిస్తే నానిపోతుంది," అంది పెట్టె ఎత్తుకుంటూ. "ఆ మాత్రం నాకు తెలుసులెండి," అంది కొత్తమ్మ.

దాటి పోతుండగా కోటు మడతల్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అన్నం మెతుకు అంటుకుని ఉంది దానికి. గుప్పిట విప్పుకుని ఉంది. నిన్నటి చెంపదెబ్బ మరిచిపోయిందో, గుర్తుండీ క్షమించిందో, మూడేళ్ళ పిల్ల లెక్కలు ఎవరికి తెలుసు, ఆ చెయ్యి మెల్లగా ఆమె భుజంవైపు చాచుకుంది. అయిపోయింది. ఆ చెయ్యి తగిలితే అంతా అయిపోయింది, సాయంత్రం పళ్ళెం మళ్ళీ గడగడమంటుంది. ఆమె పెట్టె దభీమని కింద పడేసింది. చెయ్యెత్తి, కళ్ళు పెద్దవి చేసి, పాతమ్మ గొంతు ఎక్కడుందో వెతికి తెచ్చుకుని, "ఏయ్! తాకావంటే చెయ్యి విరగ్గొడతా!" అని అరిచింది.

పిడికిలి నోరు తెరుచుకుంది. అందులోంచి, ఇన్ని నెలలుగా లోపలే ఉండిపోయిన మాట చప్పుడుతో సహా బయటికి వచ్చింది. "అమ్మా!"

ఇరవై ఏళ్ళుగా ఆ పిలుపుకి పలికిన నోరు. ఏ పనిలో ఉన్నా, నిద్రలో ఉన్నా, తన ప్రమేయం లేకుండా పలికే నోరు. ఇప్పుడూ తెరుచుకుంది, "ఆఁ" అనేది నాలుక మీదికి వచ్చేసింది.

"ఆఁ, ఇక్కడే ఉన్నా తల్లీ, ఇదిగో ఇక్కడే ఉన్నా," అంది కొత్తమ్మ, పిల్ల తలని భుజంలో దాచుకుంటూ. "భయపడకు. ఆవిడ వెళ్ళిపోతోంది. ఇంక రాదు."

ఆమె తెరిచిన నోరు మూసుకుని, పెట్టె ఎత్తుకుని, మెట్లు దిగింది.